తోడు వేయని తొట్టెలో చేపలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కొత్త అక్వేరియం వచ్చిన ఇంటి కథ ఎవరిదైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆదివారం సాయంత్రం గాజుతొట్టె, రంగు గులకరాళ్లు, గాలిపంపు, ప్లాస్టిక్ మొక్క, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఒకే ఆటోలో వస్తాయి. సోమ, మంగళవారాల్లో పిల్లలు బడి నుంచి రాగానే సంచీ పక్కన పడేసి తొట్టె ముందు కూర్చుంటారు. బుధవారానికి నీళ్లు కాస్త తెల్లగా, పలుచని గంజిలా మారతాయి. గురువారం చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. తర్వాతి ఆదివారానికి ఒకటి మిగిలితే గొప్ప. ఈ కథ ఛత్తీస్‌గఢ్‌కే పరిమితం కాదు. విజయవాడలో, వరంగల్‌లో, ఖరగ్‌పూర్‌లో కూడా ఇదే వారం ఇలాగే నడుస్తుంది.

ఆ వారం చివర వినిపించే మాటలూ మారవు. ఊరి నీళ్లు మంచివి కావంటారు. దుకాణంవాడు జబ్బు చేపలు అంటగట్టాడంటారు. పిల్లలు అద్దం మీద వేళ్లతో కొట్టి భయపెట్టారంటారు. ఇవేవీ కాకపోతే చివరి మాట ఒకటుంది: ఇంటిమీదికి రావలసిన కీడును చేప తన మీద వేసుకుని పోయిందని. వాస్తు పేరుతో అక్వేరియాలు అమ్ముడవుతున్న కాలంలో ఈ ఆఖరి మాటకు గిరాకీ పెరిగింది. చేప చావడమే శుభమైనప్పుడు, అది ఎందుకు చచ్చిందని అడిగే అవసరం ఎవరికీ ఉండదు. మరో నాలుగు చేపలు కొంటే సరిపోతుంది. ఈ నమ్మకం వల్ల నష్టపోయేది చేప ఒక్కటే కాదు. ఆ ఇంట్లో పదేళ్ల పిల్ల వేసిన ‘ఎందుకు’ అనే ప్రశ్న కూడా ఆ రోజే చచ్చిపోతుంది.

నిజానికి ఈ చావుకు కారణం తెలిసి నూరేళ్లు దాటింది. అది నీటిలో ఉన్న చెడ్డ వస్తువు కన్నా, నీటిలో ఇంకా లేని మంచి వస్తువుకు సంబంధించింది.

చేప తినే మేతలో ఎక్కువ భాగం మాంసకృత్తులు. వాటిని ఒంట పట్టించుకునే క్రమంలో మిగిలిపోయే నత్రజనిని ప్రతి జంతువూ ఎలాగోలా బయటికి పంపాలి. మనిషి శరీరం కొంత శక్తి ఖర్చుపెట్టి దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపుతుంది. చేపకు ఆ శ్రమ అక్కర్లేదు. చుట్టూ నీరే ఉంది కాబట్టి అమ్మోనియాను అమ్మోనియాగానే, ప్రధానంగా మొప్పల గుండా, నీటిలోకి వదిలేస్తుంది. చెరువులోనో నదిలోనో ఇది చౌకైన, తెలివైన ఏర్పాటు. వదిలింది వదిలినట్టే పలచబడి పోతుంది. నలభై లీటర్ల గాజుతొట్టెలో మాత్రం అది ఎక్కడికీ పోదు. నీటిలో అమ్మోనియా పేరుకుంటే చేప ఒంట్లోనిది బయటికి రావడం మందగిస్తుంది, ఆపైన బయటిదే లోపలికి చొరబడుతుంది. మొప్పలు దెబ్బతింటాయి, రక్తంలోకి విషం చేరుతుంది. చేప పైకి వచ్చి నోరు తెరవడం ఆకలి వల్ల కాదు, ఊపిరి ఆడక. దాన్ని ఆకలనుకుని ఇంకో చిటికెడు మేత వేసేవారు చాలామంది.

ఆ చిటికెడు ఎంత పని చేస్తుందో ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. రోజుకు ఒక గ్రాము మేత వేశారనుకుందాం. అందులో 40 శాతం మాంసకృత్తులుంటే 0.4 గ్రాములు. మాంసకృత్తుల బరువులో దాదాపు 16 శాతం నత్రజని, అంటే 64 మిల్లీగ్రాములు. అందులో సగం అమ్మోనియాగా నీటిలోకి వచ్చిందనుకున్నా 32 మిల్లీగ్రాములు. నలభై లీటర్లకు పంచితే రోజుకు లీటరుకు 0.8 మిల్లీగ్రాములు. మూడు రోజులకు 2.4. తినకుండా అడుగున కుళ్లిన మేత దీనికి అదనం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దీన్ని పట్టించుకోకపోతే ఒక ఇంట్లో చేపలు ఎందుకు బతికాయో, పక్కింట్లో ఎందుకు చచ్చాయో అర్థం కాదు. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం ఉన్న అమ్మోనియం, మొప్పలను అంత తేలిగ్గా దాటలేదు. రెండోది ఆవేశం లేని అమ్మోనియా, అదే అసలు విషం. ఏది ఎంత ఉండాలో నీటి పీహెచ్, ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉన్న నీటిలో విషరూపం ఒక శాతం లోపే ఉంటుంది. అదే నీటి పీహెచ్ 8 అయితే ఏడున్నర శాతం. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషం తొమ్మిది పది రెట్లయింది. పై లెక్కలోని 2.4 మిల్లీగ్రాములు పీహెచ్ 7 దగ్గర దాదాపు 0.02 మిల్లీగ్రాముల విషాన్ని ఇస్తే, పీహెచ్ 8 దగ్గర 0.18 ఇస్తుంది. లీటరుకు 0.05 దాటితేనే చాలా చేపలకు హాని మొదలవుతుంది. అదే మేత, అవే చేపలు, అదే దుకాణం. తేడా అంతా నీటి గుణంలో.

బోరు నీటితో తొట్టె నింపేవారు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. భూగర్భజలంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది, ఆక్సిజన్ తక్కువ. పైకి తోడిన వెంటనే పరీక్షిస్తే పీహెచ్ తక్కువ చూపిస్తుంది. ఒక రోజంతా గాలిపంపు ఆడాక ఆ వాయువు ఎగిరిపోయి పీహెచ్ పైకి పోతుంది. కాబట్టి మొదటి రోజు కొలత చూసి నిశ్చింతగా ఉండకూడదు.

రైలు ప్రయాణం చేసి వచ్చిన చేప విషయంలో ఇదే రసాయనశాస్త్రం ఇంకా విచిత్రంగా పనిచేస్తుంది. దేశంలో రంగుచేపల వ్యాపారానికి కోల్‌కతా పెద్ద కేంద్రం. హౌరా నుంచి ముంబై వెళ్లే ప్రధాన మార్గంలో, హౌరాకు ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బిలాస్‌పూర్ ఉంది. ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచిలో చేప గంటల తరబడి ప్రయాణిస్తే, అది వదిలిన కార్బన్ డయాక్సైడ్ సంచి నీటిలోనే ఉండిపోయి పీహెచ్ పడిపోతుంది. అమ్మోనియా కూడా పోగవుతుంది, కానీ పీహెచ్ తక్కువ కాబట్టి చాలావరకు హానిలేని రూపంలోనే ఉంటుంది. సంచి ముడి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, నిద్రపోతున్న అమ్మోనియా విషంగా మేలుకుంటుంది. సంచిని మూసిన మూతితోనే తొట్టె నీటిలో తేలించి వేడిమి సమం కానివ్వాలి. ముడి విప్పాక మాత్రం ఎక్కువసేపు నాన్చకుండా చేపను వలతో తీసి తొట్టెలో వదలాలి, సంచి నీళ్లు పారబోయాలి. చాలా ఇళ్లలో జరిగేది దీనికి తిరకాసు. సంచి మూతి విప్పి గంటసేపు వేలాడదీసి, చివరికి ఆ నీళ్లతో సహా తొట్టెలో గుమ్మరిస్తారు.

సరే, మరి నదుల్లో, పాత తొట్టెల్లో అమ్మోనియా ఏమవుతోంది? దాన్ని తినే సూక్ష్మజీవులు ఉన్నాయి. కొన్ని అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ చేపలకు చాలా తక్కువ హానికరం. వారానికోసారి కొంత నీరు మార్చినా, మొక్కలు పీల్చుకున్నా సరిపోతుంది. కొత్త తొట్టెలో లేనివి ఈ సూక్ష్మజీవులే. గాజు మెరుస్తుంది, రాళ్లు కడిగినవి, నీళ్లు కొళాయివి. కంటికి అంతకంటే శుభ్రమైనది లేదు. ఆ శుభ్రతే చేపకు యముడు.

ఈ సంగతి బయటపడిన తీరు చెప్పుకోదగ్గది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 12 గ్యాలన్ల, అంటే సుమారు 54 లీటర్ల, తొట్టెలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా మొక్కను పెట్టి, నీరు మార్చకుండా ఎంతకాలం నిలుస్తుందో చూశాడు. 1850లో ఆ ఫలితాలను అక్కడి కెమికల్ సొసైటీకి వివరించాడు. కుళ్లిన ఆకులు నీటిని పాడుచేస్తుంటే నత్తలను వేశాడు, అవి కుళ్లును తినేశాయి. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది, నత్త పాకీపని చేస్తుంది అని ఆయన లెక్క. లెక్కలో తప్పు లేదు, కానీ కంటికి కనబడని నాలుగో పనివాడి గురించి ఆయనకు తెలియదు. అప్పటికి ఎవరికీ తెలియదు.

1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా నెమ్మదిగా పంపారు. మొదటి ఇరవై రోజులు ఏమీ జరగలేదు. పోసిన అమ్మోనియా పోసినట్టే కిందికి దిగింది. ఆ తర్వాత నైట్రేట్ కనిపించడం మొదలై, కొన్నాళ్లకు అమ్మోనియా పూర్తిగా మాయమైంది. రసాయన చర్యే అయితే ఇరవై రోజులు ఎందుకు ఆగాలి? గొట్టంలోకి క్లోరోఫామ్ ఆవిరి పంపితే పని ఆగిపోయింది. క్లోరోఫామ్ తీసేసినా మళ్లీ మొదలు కాలేదు. కాస్త తాజా మట్టి కలిపిన నీళ్లు పోయగానే మళ్లీ మొదలైంది. బతికున్నదేదో ఈ పని చేస్తోందని అలా తేలింది.

ఆ బతికున్నదాని వెంటపడిన వారిలో ఇంగ్లండ్ రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలోని మరో రాబర్ట్ వారింగ్టన్ ఉన్నాడు. గోల్డ్‌ఫిష్ తొట్టె పెట్టిన వారింగ్టన్ కొడుకే ఇతను. పని రెండు అంచెల్లో జరుగుతోందని, రెండింటికీ వేర్వేరు జీవులున్నాయని ఇతని ప్రయోగాలు చూపించాయి. కానీ వాటిని విడదీసి పట్టుకోలేకపోయాడు. అప్పటి పద్ధతి జెలటిన్ మీద సూక్ష్మజీవులను పెంచడం. ఇవి సేంద్రియ ఆహారం తినవు, జెలటిన్ మీద పెరగవు. 1890లో రష్యన్ శాస్త్రవేత్త సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ సేంద్రియ పదార్థం లేని మాధ్యమంలో వాటిని పెంచి చూపించాడు. తండ్రి తొట్టెలో అంతుచిక్కకుండా నడిచిన వ్యవహారాన్ని కొడుకు ప్రయోగశాలలో వెతికాడనుకుంటే ముచ్చటేస్తుంది. ఆ కుటుంబంలో ఎవరైనా ఈ రెండింటినీ కలిపి మాట్లాడుకున్నారో లేదో మరి.

ఇరవై రోజులు ఏమీ జరగలేదన్న ఆ మాటను అక్వేరియం పెట్టేవారు గోడ మీద రాసుకోవచ్చు. ఎందుకంటే ఈ సూక్ష్మజీవులు చాలా నిదానం. మన పేగుల్లో ఉండే ఇ.కొలై మంచి పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకు రెట్టింపవుతుంది. నైట్రీకరణ చేసేవాటికి సగం రోజు నుంచి ఒకటి రెండు రోజులు పడుతుంది. అమ్మోనియాను ఆక్సీకరించడంలో దొరికే శక్తి అతి స్వల్పం. ఆ కాస్త కూలితోనే కార్బన్ డయాక్సైడ్ నుంచి ఒళ్లు కట్టుకోవాలి. అందుకే తొట్టె ‘మాగడానికి’ సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, చలికాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. బుధవారం కనిపించే తెల్లని మబ్బు వేరే జాతి బ్యాక్టీరియా, త్వరగా పెరిగే రకం. అది చూసి తొట్టె తయారవుతోందనుకోనక్కర్లేదు.

ఏ రోజు చచ్చిందన్నదాన్ని బట్టి కారణం చాలావరకు ఊహించవచ్చు. తెచ్చిన రోజో మర్నాడో చస్తే క్లోరిన్, లేదా వేడిమిలో, పీహెచ్‌లో పెద్ద తేడా. తాగునీటి ప్రమాణాల ప్రకారం కొళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మన కడుపుకు మేలు చేసేది చేప మొప్పలకు కీడు. ఒక రోజు బకెట్లో గాలాడనిస్తే పోతుంది, సోడియం థయోసల్ఫేట్ చుక్కలతో నిమిషాల్లో పోతుంది. మూడు నుంచి పది రోజుల మధ్య చస్తే అనుమానించాల్సింది అమ్మోనియాను. రెండు మూడు వారాలు బాగుండి, ఇక గండం గడిచిందనుకున్నాక చస్తే నైట్రైట్. మొదటి అంచె జీవులు పెరిగాయి, రెండో అంచెవి ఇంకా పెరగలేదని దాని అర్థం. నైట్రైట్ రక్తంలోకి వెళ్లి హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుస్తుంది. మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి. నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేప ఊపిరాడక చస్తుంది. నైట్రైట్ మొప్పల్లోకి చొరబడే దారినే క్లోరైడ్ కూడా వాడుకుంటుంది కాబట్టి, కొద్దిగా ఉప్పు వేస్తే ఆ దారిలో పోటీ ఏర్పడి నైట్రైట్ వెనకబడుతుంది. చేపల తొట్టెలో ఉప్పు వేయమనే పాత సలహాకు ఈ మేరకు శాస్త్రబలం ఉంది. అమ్మోనియాకు మాత్రం ఉప్పు మందు కాదు.

బిలాస్‌పూర్ ఎండలు దీనికి తోడవుతాయి. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 35 డిగ్రీలకు అది 7కు పడిపోతుంది. వేడిలో చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీటిలో తక్కువ ఉంటుంది, విషరూప అమ్మోనియా శాతం పెరుగుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి సూక్ష్మజీవులకు నాలుగున్నర మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కావాలి. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి గాలిపంపు ఆగితే ఈ లెక్కలన్నీ ఒకేసారి తప్పుతాయి. గోదావరి, కృష్ణా జిల్లాల చేపల రైతులకు ఇది కొత్త విషయం కాదు. మబ్బు పట్టిన రోజు తర్వాత తెల్లవారుజామున చేపలు తేలితే ఏం చేయాలో వాళ్లకు చేతివాటంగా తెలుసు. చెరువుకు అమ్మోనియా పరీక్ష చేయించని పెద్ద రైతు ఈరోజు అరుదు. ఆ జ్ఞానం ఐదెకరాల చెరువు గట్టు దగ్గరే ఆగిపోయి, రెండడుగుల గాజుతొట్టె దాకా రాకపోవడం వింత.

అసలు నేరం ఎవరిది? దుకాణదారును తిట్టడం తేలిక. తొట్టె, చేపలు ఒకే రోజు అమ్మడం అతనికి లాభం. చచ్చిన చేపల స్థానంలో మళ్లీ అమ్మితే ఇంకా లాభం. కానీ నెల రోజుల తర్వాత రండి, అప్పుడు చేపలిస్తాను అని చెప్పే దుకాణదారును కొనేవారు బతకనిస్తారా? పక్క దుకాణానికి పోతారు. పుట్టినరోజు రేపు అయితే చేపలు ఈరోజే కావాలి. తప్పు ఇద్దరిదీ, అయినా సమానం కాదు. తెలిసి అమ్మేవాడి బాధ్యత తెలియక కొనేవాడి బాధ్యత కన్నా ఎక్కువ. తొట్టె అమ్మిన రోజు చేపలు అమ్మకూడదనే కట్టుబాటు దుకాణాలు తమంతట తాము పెట్టుకుంటే మంచిది. లేదంటే కనీసం ఆ నాలుగు వారాల సంగతి ఒక కాగితం మీద రాసి తొట్టెతో పాటు ఇవ్వాలి. ఇటలీ రాజధాని రోమ్ 2005లో గుండ్రని గాజు గిన్నెల్లో చేపలను పెట్టడాన్నే నిషేధించింది. మన పురపాలక సంఘాలకు అంతకంటే పెద్ద పనులున్నాయి, నిజమే. ఒక కాగితం ముక్కకు మాత్రం చట్టం అక్కర్లేదు.

రైల్వే ఊళ్లో ఈ మాట అర్థమయ్యేలా చెప్పడానికి వేరే పోలిక వెతకనవసరం లేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల తెలుగువాళ్లు ఆ లైన్ల వెంట ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడ్డారు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు జోన్ కేంద్రమైంది. కొత్త లైను వేస్తే పట్టాలు బిగించిన సాయంత్రమే ప్యాసింజర్ బండి నడపరని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. రైల్వే భద్రతా కమిషనర్ వచ్చి చూసి, కొలిచి, అనుమతి ఇచ్చేదాకా ప్రయాణికులు ఎక్కరు. అటువంటి ఇళ్లలోనే, తనిఖీ లేని తొట్టెలోకి ప్రాణమున్న ప్రయాణికులను అదే రోజు ఎక్కిస్తున్నారు.

తొట్టెకు తనిఖీ అంటే ఏమిటి? చేపలు లేకుండానే తొట్టె నింపి, ఫిల్టరు నడిపి, రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనివ్వాలి. ఆ అమ్మోనియాతో సూక్ష్మజీవులు పెరుగుతాయి. చుక్కల పరీక్ష కిట్టుతో వారానికి రెండుసార్లు అమ్మోనియా, నైట్రైట్ కొలవాలి. అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, దాని వెనక నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకు వచ్చి నైట్రేట్ మాత్రమే కనిపిస్తే లైను తయారు. అప్పుడు కూడా ఒకేసారి ఆరు చేపలు కాకుండా ఒకటి రెండుతో మొదలుపెట్టాలి. కిట్టు ధర కొన్ని చేపల ధర కంటే ఎక్కువే కావచ్చు. చచ్చిపోయే చేపల ధర కూడా లెక్కలో వేస్తే అది ఖరీదనిపించదు.

ఇంతకంటే దగ్గరి దారి ఒకటుంది, అది తెలుగింట్లో ఎవరికీ వివరించనక్కర్లేదు. పాలు వాటంతటవి పెరుగు కావాలంటే ఎప్పుడవుతాయో, ఏమవుతాయో తెలియదు. పక్కింటి నుంచి చెంచాడు తోడు తెస్తే తెల్లారేసరికి గడ్డపెరుగు. ఏళ్లుగా చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టె నుంచి ఫిల్టరు స్పాంజిలో ఒక ముక్క, లేదా పిడికెడు రాళ్లు తెచ్చి కొత్త తొట్టెలో వేయడం అచ్చంగా అదే పని. ష్లోజింగ్, మ్యూంట్జ్ గొట్టంలో పోసిన మట్టినీళ్లూ అవే. తోడును తడిగా, అదే తొట్టె నీటిలో, కొన్ని గంటల్లోపే తీసుకురావాలి. ఇవ్వబోయే తొట్టెలో జబ్బు లేదని మాత్రం చూసుకోవాలి, ఎందుకంటే మంచితో పాటు చెడు కూడా వస్తుంది. పాత తొట్టె నీళ్లు బిందెడు తెస్తే సరిపోతుందనుకునేవారున్నారు, అది పెద్దగా పనిచేయదు. ఈ జీవులు నీటిలో తేలుతూ ఉండవు, స్పాంజికి, రాళ్లకు, గాజుకు జిగురుపొరలా అంటుకుని ఉంటాయి. సీసాలో అమ్మే బ్యాక్టీరియా ద్రావణాల్లో కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. నెలల తరబడి ఎండలో ఉన్న సీసాలో ఏం బతికుందో పైకి చూసి చెప్పలేం. కాలనీలో పాత తొట్టె ఉన్న ఇల్లు ఒక్కటి ఉన్నా సీసా కొనే పనిలేదు.

అంటుకుని ఉంటాయన్న ఈ చిన్న విషయం తెలియకే, ఒకసారి చేపలు చచ్చిన ఇంట్లో మళ్లీ మళ్లీ చస్తాయి. చేప చావగానే ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని తొట్టె మొత్తం ఖాళీ చేసి, రాళ్లు పొటాషియం పర్మాంగనేట్‌లో నానబెట్టి, స్పాంజిని కొళాయి కింద తెల్లబడేదాకా పిండడం. అప్పుడప్పుడే పుట్టిన సూక్ష్మజీవులన్నీ మోరీలోకి పోతాయి. ఆరు నెలలైనా ఆ తొట్టె మొదటివారం తొట్టెగానే ఉంటుంది. ఇక ప్రతి జబ్బుకూ వేసే మిథిలీన్ బ్లూ నీలిమందు సంగతి మరీ తమాషా. నైట్రైట్ వల్ల పాడైన హిమోగ్లోబిన్‌ను బాగుచేసే గుణం దానికి నిజంగానే ఉంది, మనుషుల వైద్యంలో కూడా అందుకు వాడతారు. కానీ తొట్టెలోనే పోస్తే నైట్రైట్‌ను తొలగించాల్సిన జీవులనే దెబ్బతీస్తుంది. వాడాలనుకుంటే చేపను వేరే బకెట్లోకి తీసి వాడాలి. ఆపదలో ఉన్న తొట్టెకు చేయాల్సిన పని ఆడంబరం లేనిది. మేత రెండు మూడు రోజులు ఆపాలి, రోజూ పావువంతు నుంచి మూడోవంతు నీటిని క్లోరిన్ పోయిన, అదే వేడిమి ఉన్న నీటితో మార్చాలి, గాలిపంపు పెంచాలి, స్పాంజిని ముట్టకూడదు. మురికి మరీ ఎక్కువైతే తొట్టె నుంచి తీసిన నీటిలోనే ఒకసారి ముంచి పిండితే చాలు.

ఇదంతా పాత సైన్స్ అని తీసిపారేయడానికి కూడా లేదు. రెండో అంచె పని చేసేది నైట్రోబాక్టర్ అని దశాబ్దాల పాటు అక్వేరియం పుస్తకాలన్నీ రాశాయి. 1998లో టిమోతీ హోవనెక్ బృందం మంచినీటి అక్వేరియాల్లో వెతికితే అక్కడున్నది నైట్రోస్పైరా అని తేలింది. అమ్మోనియాను ఆక్సీకరించే ఆర్కియా జాతి మొదటిసారి విడిగా చిక్కింది 2005లో, అదీ అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో ఒక తొట్టె రాళ్ల నుంచి. 2015లో ఇంకా పెద్ద ఆశ్చర్యం. రెండు అంచెల పనినీ ఒక్కటే చేసే నైట్రోస్పైరా రకాలు ఉన్నాయని రెండు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. అందులో నెదర్లాండ్స్ బృందానికి అది దొరికింది చేపల పెంపకం ఫిల్టరులోనే. చిన్న వారింగ్టన్ కాలం నుంచి పాఠ్యపుస్తకాల్లో ఉన్న రెండు జీవుల సూత్రానికి మినహాయింపు ఒక చేపల కేంద్రపు మురికిలో బయటపడింది.

మన బడుల్లో నత్రజని చక్రం ఎనిమిదో తరగతి నాటికే వస్తుంది. బొమ్మలో ఒక మెరుపు, ఒక ఆవు, ఒక చిక్కుడు మొక్క, చుట్టూ బాణాలు. పరీక్షలో బాణాలు సరిగ్గా గీస్తే మార్కులు పడతాయి. ఆ బాణాలు గీసిన పిల్లే ఇంటికొచ్చి చచ్చిన చేపను చూసి ఏడుస్తుంది. రెండూ ఒకటేనని ఎవరూ చెప్పరు. అక్వేరియం ఉన్న బడుల్లో అది సాధారణంగా ప్రధానోపాధ్యాయుల గదిలో అలంకారం. దాన్ని తరగతిలో పెట్టి, జూన్‌లో బడి తెరిచినప్పుడు చేపలు లేకుండా నీళ్లు నింపి, వారానికి రెండుసార్లు పిల్లలే చుక్కలు వేసి రంగు చూసి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే, జూలై చివరికి పుస్తకంలోని చక్రం వాళ్ల చేతిరాతలో రెండు కొండలుగా కనిపిస్తుంది, మొదట అమ్మోనియా కొండ, తర్వాత నైట్రైట్ కొండ. నెల రోజులు ఖాళీ తొట్టెను పిల్లలు ఎలా భరిస్తారని అడిగేవారుంటారు. హైడ్రిల్లా వంటి నీటిమొక్కలు మొదటి రోజే వేయవచ్చు, అవి కొంత అమ్మోనియాను కూడా పీల్చుకుంటాయి. తర్వాత నత్తలు వస్తాయి. రోజూ ఏదో ఒకటి మారే నీటిని పెద్దవాళ్లు ఖాళీ అంటారు గానీ పిల్లలు అనరు.

గోల్డ్‌ఫిష్ ఆయుష్షు వారమో నెలో అని మన ఇళ్లలో ఒక లెక్క స్థిరపడిపోయింది. ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో చనిపోయింది. అది అరుదైన రికార్డే, కానీ తగినంత నీరు, మాగిన ఫిల్టరు ఉంటే పదేళ్లు మామూలు విషయం. అంతకాలం బతికే చేప జానెడు పెరుగుతుంది కాబట్టి నలభై లీటర్ల తొట్టెలో నాలుగింటికి చోటు ఎప్పుడూ లేదు. ఆ తొట్టెకు చిన్న గప్పీలు నాలుగైదు, లేదా పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగల బెట్టా ఒక్కటి సరిపోతుంది. బెట్టా గాలి పీలుస్తుంది కదా అని దాన్ని గాజు గ్లాసులో పెట్టి అమ్మేవారున్నారు. గాలి పీల్చే చేప కూడా అమ్మోనియాను మొప్పల నుంచే వదులుతుంది, అది ఆ గ్లాసులోనే ఉంటుంది.